క్రషర్లలో అరిగిన నాజిళ్లను కొలిచేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, కంకర క్రషర్ల దుమ్ము గురించి మీ జిల్లా పేజీల్లో వార్తలు మొదలవుతాయి. చేల మీద తెల్లటి పొర, ఊళ్లో దగ్గు, రోడ్డు మీద ధర్నా, ఆ తర్వాత తనిఖీ. తనిఖీ కాగితంలో 'నీళ్లు చల్లే ఏర్పాటు ఉన్నది' అని రాస్తారు. ఆ మాట అబద్ధం కాదు. పైపు ఉంటుంది, దానికి నీళ్లు చిమ్మే సన్న రంధ్రపు మూతులు, అంటే నాజిళ్లు, బిగించి ఉంటాయి. ఆ నాజిల్ నిమిషానికి ఎన్ని లీటర్లు వదలాలి, ఇప్పుడు ఎన్ని వదులుతోంది, దాని దగ్గర ఒత్తిడి ఎంత, బిందువు ఎంత సన్నం అన్న ప్రశ్నలు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా కనబడవు. దుమ్ము అణగడం, అణగకపోవడం ఈ నాలుగింటి మీదే ఆధారపడి ఉంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

రాతి క్రషర్లకు మన దేశంలో ఉన్న ప్రమాణం స్పష్టంగానే ఉంది. ఏ యంత్రం దగ్గరైనా 3 నుంచి 10 మీటర్ల దూరంలో కొలిస్తే గాలిలో తేలే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు మించకూడదు. గ్రానైట్, క్వార్ట్‌జ్ రాళ్ల ధూళిలో సిలికా ఉంటుంది. అందులో 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులు కంటికి కనబడవు, నేరుగా ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్లిపోతాయి. ఈ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచే తప్పక తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో ఉంది. వచ్చాక నయం చేసే మందు లేదు. తొలి విడత రాయిని నలిపే జా క్రషర్ దగ్గర నిలబడే కూలీకి మాస్కు కన్నా ముందు దక్కాల్సిన రక్షణ సరిగ్గా పనిచేసే నాజిల్.

మొదట ఒక అపోహ తొలగాలి. చాలా చోట్ల స్ప్రే ఆగిపోవడానికి నీళ్లు లేకపోవడం కారణం కాదు, నీళ్లు ఎక్కువైపోవడం కారణం. లెక్క చూడండి. గంటకు 100 టన్నుల రాయి నడిచే ప్లాంటులో దుమ్ము లేవకుండా ఉండాలంటే రాయి బరువులో అర శాతం తడితో మొదలుపెట్టి, చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచుకుంటారు. అర శాతం అంటే గంటకు 500 లీటర్లు, నిమిషానికి 8 లీటర్ల పైచిలుకు. ఒక శాతం అనుకున్నా నిమిషానికి 17 లీటర్లు దాటదు. అదీ ఒకచోట కాదు, ప్లాంటు మొత్తానికి. ఇప్పుడు జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపుకు డ్రిల్లుతో 3 మి.మీ. కన్నాలు పది వేసిన 'స్ప్రే'ను తీసుకోండి. 2 బార్ ఒత్తిడి దగ్గర ఒక్కో కన్నం నిమిషానికి 5 లీటర్ల పైన వదులుతుంది. పదింటికీ కలిపి 50 లీటర్లు, అంటే 3 శాతం తడి. కంకరను సైజుల వారీగా వేరుచేసే వైబ్రేటర్ జాలి మీద సన్న పొడి బురదై కళ్లు మూసుకుపోతాయి. బెల్టు రోలర్లకు ముద్ద పట్టి బెల్టు పక్కకు లాగుతుంది. 6 ఎం.ఎం. చిప్స్‌లో డస్ట్ కలిసిపోయి కొనేవాడు వెనక్కి పంపుతాడు. ఆపరేటర్ ఏం చేస్తాడు? వాల్వు కట్టేస్తాడు. తనిఖీ బండి గేటు దగ్గర కనబడినప్పుడు తిప్పుతాడు. దీనికి ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. ఆ పైపు ఉన్నంతకాలం అతనికి వేరే దారి లేదు.

బిందువు పరిమాణం దగ్గర లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 200 మైక్రాన్ల బిందువులో ఉన్న నీళ్లతో 100 మైక్రాన్ల బిందువులు 8 తయారవుతాయి. అంటే అదే లీటరు నీళ్లు ఎనిమిది రెట్లు ఎక్కువ చోట్ల ధూళిని తాకగలవు. పెద్ద బిందువు గాలిలో పడుతుంటే దాని చుట్టూ గాలి పక్కకు తప్పుకుంటుంది, ఆ గాలితో పాటు సన్న ధూళి కూడా తప్పుకుని పోతుంది. అందుకని ఇప్పటికే గాలిలో లేచిన ధూళిని పట్టాలంటే 10 నుంచి 150 మైక్రాన్ల సన్న తుంపర కావాలి. ధూళి లేవకముందే రాయిని తడపాలంటే 200 నుంచి 500 మైక్రాన్ల బరువైన బిందువులు కావాలి. ఈ రెండు పనులనూ ఒకే నాజిల్‌తో చేయించాలని చూడటమే మన ప్లాంట్లలో జరిగే మొదటి పొరపాటు.

దీన్నిబట్టే ఏది ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది. టిప్పర్ రాయి దించే హాపర్ మీద, జా క్రషర్ నోటి దగ్గర శంకువు మొత్తం నిండుగా చల్లే ఫుల్ కోన్ నాజిళ్లు పెట్టాలి. రాయి దొర్లుతూ తిరగబడుతున్న చోట చల్లితే అన్ని ముఖాలూ తడుస్తాయి. బెల్టు మీద కుదురుకున్నాక పైన చల్లితే పై పొర మాత్రమే తడిసి, తర్వాతి మలుపులో కింది పొడి బయటపడుతుంది. రాయి పగిలిన ప్రతిసారీ కొత్త పొడి ముఖాలు పుడతాయి కాబట్టి జా క్రషర్ తర్వాత ఒకసారి, రాయిని ఇంకా చిన్నగా చేసే కోన్ క్రషర్ తర్వాత ఒకసారి, రోబో శాండ్ (రాతిని పొడిచేసి తీసే ఇసుక) తయారుచేసే వీఎస్ఐ యంత్రం ఉంటే దాని తర్వాత ఒకసారి కొద్దికొద్దిగా తడి ఇవ్వాలి. ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు పడే చోట, పడిన తర్వాతి వైపు, రేకు మూత లోపల ఉంగరంలా చల్లే హాలో కోన్ నాజిల్ పెడితే లేచిన ధూళి అక్కడే కూలుతుంది. వైబ్రేటర్ దగ్గర మూత లోపల సన్న తుంపర తప్ప ఇంకేదీ వద్దు. నాజిల్ వెడల్పు రాయి పరుచుకున్న వెడల్పు దాటకూడదు. దాటిన నీళ్లు బెల్టును, నేలను తడపడానికే పోతాయి.

సన్న తుంపరను ఆరుబయట వాడకండి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, గాలి వీస్తుంటే 20, 30 మైక్రాన్ల బిందువు ధూళిని చేరేలోపే ఆవిరైపోతుంది. మూత, రబ్బరు తెర, గాలి వీచే వైపు అడ్డుగోడ లేకుండా ఎంత మంచి నాజిల్ పెట్టినా ఫలితం సగమే. నాజిళ్లు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. చెప్పాలి.

ఇక మన్నిక సంగతి. మన ప్లాంట్లలో ఎక్కువగా కనబడేది పావు అంగుళం ఇత్తడి నాజిల్. లేత్ మీద తేలికగా కోతకు వస్తుంది, అందుకే చవక. 5 బార్ ఒత్తిడి దగ్గర నీళ్లు ఆ రంధ్రంలోంచి సెకనుకు సుమారు 30 మీటర్ల వేగంతో బయటికొస్తాయి. ఆ నీళ్లలో రాతి పొడి ఉంటే రంధ్రం అంచును ఆకురాయిలా గీస్తూనే ఉంటుంది. వేగం పెరిగితే అరుగుదల అంతకన్నా చాలా ఎక్కువ పాళ్లలో పెరుగుతుంది. అందుకే 'దుమ్ము అణగడం లేదు, మోటారు ప్రెషర్ పెంచు' అనే మందు జబ్బును పెంచుతుంది. పైగా ఒత్తిడి రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు రావు, 1.41 రెట్లే వస్తాయి. నీళ్లు రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి. నీళ్లు చాలకపోతే పెద్ద రంధ్రం నాజిల్‌కు మారడమే సరైన పద్ధతి.

అరుగుదలకు వేర్వేరు పదార్థాలు తట్టుకునే తీరు తయారీదారుల పట్టికల్లో సుమారుగా ఇలా ఉంటుంది. ఇత్తడిని 1 అనుకుంటే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు 4 నుంచి 6, వేడి చేసి గట్టిపరచిన స్టెయిన్‌లెస్ 10 నుంచి 15, సిలికాన్ కార్బైడ్, అల్యూమినా సెరామిక్ 90కి పైన, టంగ్‌స్టన్ కార్బైడ్ 180 నుంచి 250. నాజిల్ మొత్తం సెరామిక్ అక్కర్లేదు. ఒళ్లు స్టెయిన్‌లెస్‌లోనో గట్టి ప్లాస్టిక్‌లోనో చేసి, నీళ్లు ఒరుసుకునే రంధ్రం ముక్క, లోపల సుడి తిప్పే పలక ఈ రెండూ సెరామిక్‌వి కూర్చితే చాలు. మూత విప్పి ఆ రెండు ముక్కలే మార్చుకోవచ్చు. ఇత్తడి నాజిల్‌కు కొన్ని రెట్లు ధర పడినా, మార్చే కూలీ, ప్లాంటు ఆగే గంటలు, వృథా అయ్యే నీళ్లు కలిపి చూస్తే చవకే.

ఈ కూర్పులో తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పాలి. సెరామిక్ పెళుసు. లోహంలో నేరుగా బిగించి కొడితే ఎండలో ఒళ్లు వ్యాకోచించినప్పుడు వదులవుతుంది, రెంచితో గట్టిగా తిప్పితే పగులుతుంది. మధ్యలో ఓ-రింగ్ గానీ మెత్తటి వాషర్ గానీ ఉండాలి, మూత చేత్తో బిగించి ఒక చిన్న తిప్పు మాత్రమే ఇవ్వాలి. టంగ్‌స్టన్ కార్బైడ్‌లో పొడిని అతికి ఉంచేది మామూలుగా కోబాల్ట్. నీళ్లు ఆమ్లంగా ఉంటే కోబాల్ట్ కరిగి అంచు పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటి నీళ్లకు నికెల్ బైండరు రకం అడిగి తీసుకోవాలి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లలో ఇత్తడికి ఇంకో జబ్బు ఉంది, అందులోని జింకు కరిగిపోయి ఎర్రటి గుల్ల రాగి మిగులుతుంది. నాజిల్ పసుపు రంగు పోయి రాగి రంగుకు తిరిగితే అరగకముందే అది పోయినట్టు లెక్క. ప్లాస్టిక్ నాజిళ్లను చిన్నచూపు చూడొద్దు. పాలీఎసిటాల్ నాజిల్ సన్న మట్టి నీళ్లలో ఇత్తడి కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎండకు పెళుసవుతుంది కాబట్టి నల్లరంగుది తీసుకుని మూత లోపల వాడుకోవాలి.

నాజిల్ లోపలి ఆకారం కూడా మన్నికలో భాగమే. ఫుల్ కోన్ నాజిల్ లోపల ఆకులు తిరిగిన పలక ఉంటుంది, బయటి రంధ్రం 2 మి.మీ. ఉన్నా ఆ ఆకుల మధ్య సందు 1 మి.మీ.కి మించకపోవచ్చు. చెత్త ఇరుక్కునేది అక్కడే. నీళ్లు పక్కనుంచి లోపలికొచ్చి గదిలో గుండ్రంగా తిరిగి బయటికెళ్లే రకం హాలో కోన్‌లో పలకే ఉండదు, దారి మొత్తం దాదాపు ఒకే వెడల్పు. క్వారీ గుంట నీళ్లు, తిరిగి వాడే నీళ్లు ఉన్నచోట ఇదే మంచిది. లోపల ఏమీ లేకుండా కిందికి సన్నబడే స్పైరల్ నాజిల్ అయితే మూసుకోవడం మరీ అరుదు, కానీ బిందువులు లావు. హాపర్ మీదికి సరిపోతుంది, వైబ్రేటర్ మీదికి పనికిరాదు.

ఏ పదార్థం వాడినా, ఏ ఆకారం వాడినా ఫిల్టర్ లేకపోతే ఇదంతా వ్యర్థం. ఇందులో క్రషర్ వాళ్లు అనంతపురం డ్రిప్ రైతును చూసి నేర్చుకోవాలి. సన్న రంధ్రాలు మూసుకుంటే తోట ఎండుతుందని తెలిసిన రైతు బోరు దగ్గర ఇసుక తీసే హైడ్రోసైక్లోన్, దాని తర్వాత డిస్క్ ఫిల్టర్ పెట్టుకుంటాడు, వాటిని కడుగుతాడు. అవే సామాన్లు, అదే దుకాణంలో, క్రషర్‌కూ దొరుకుతాయి. లెక్క సులువు. నాజిల్ లోపలి అతి సన్న దారిలో మూడో వంతు కన్నా పెద్ద రేణువు ఫిల్టర్ దాటకూడదు. 1 మి.మీ. దారికి 300 మైక్రాన్లు, అంటే 50 మెష్ (అంగుళానికి 50 కళ్లున్న) జాలి. సన్న తుంపర నాజిళ్లకు 120 మెష్ డిస్క్ ఫిల్టర్. ఫిల్టరుకు ముందు ఒక ప్రెషర్ గేజి, తర్వాత ఒక గేజి ఉండాలి, రెండింటి తేడా 0.5 బార్ దాటితే కడగాలి. ఫిల్టర్ పెట్టి కడగకపోతే ఒత్తిడంతా అక్కడే చచ్చిపోతుంది, నాజిల్ దగ్గర ధార కారుతుంది.

గుంట నీళ్లు తోడేటప్పుడు పీల్చే పైపు కొసన ఉండే ఫుట్‌వాల్వు అడుగున పెట్టొద్దు, కనీసం అడుగున్నర ఎత్తులో వేలాడదీయాలి. ఫిల్టర్ తర్వాతి పైపు జీఐ అయితే ఫిల్టర్ చేసిన నీళ్లలో మళ్లీ తుప్పు పెచ్చులు కలుస్తాయి, అక్కడినుంచి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడాలి. నాజిళ్లన్నింటికీ నీళ్లు పంచే హెడర్ పైపు నుంచి నాజిల్ కొమ్మలు పక్కనుంచో పైనుంచో తీయాలి. కిందినుంచి తీస్తే పైపు అడుగున చేరిన ఒండ్రు మొత్తం నాజిల్‌లోకే దిగుతుంది. హెడర్ చివర ఒక బాల్‌వాల్వు పెట్టి వారానికోసారి తెరిచి పారనివ్వాలి. కొత్త లైను వేసినప్పుడు నాజిళ్లన్నీ విప్పి పది నిమిషాలు నీళ్లు వదిలాకే వాటిని బిగించాలి. వెల్డింగ్ పెచ్చులు, పైపు కోసిన పొట్టు, తెగిన టెఫ్లాన్ టేపు ముక్కలు మొదటి రోజే నాజిల్‌లో ఇరుక్కుంటాయి. టేపు చుట్టేటప్పుడు కొస మర ఒకటి వదిలి చుడితే ముక్కలు లోపలికి పోవు.

పైపు మరల (థ్రెడ్ల) గురించి ఒక హెచ్చరిక. దిగుమతి నాజిళ్లు కొన్ని ఎన్‌పీటీ (అమెరికన్) మరతో వస్తాయి, మన ఫిట్టింగులు బీఎస్‌పీ (బ్రిటిష్). పావు అంగుళంలో బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18. రెండు తిప్పులు ఎక్కి పట్టేస్తుంది, బలవంతం చేస్తే మర చెడుతుంది. అర అంగుళంలో మరీ మోసం, రెండిటికీ 14 మరలే కాబట్టి చక్కగా ఎక్కినట్టే ఉంటుంది. మర కోణం ఒకటి 55 డిగ్రీలు, ఇంకోటి 60 డిగ్రీలు కావడంతో ఎంత టేపు చుట్టినా కారుతూనే ఉంటుంది.

పల్నాడు, నల్లగొండ వైపు లాంటి గట్టినీళ్ల ప్రాంతాల్లో నాజిల్ మూసుకోవడానికి మట్టి అవసరం లేదు. మోటారు ఆపగానే రంధ్రం చివర నిలిచిన చుక్క ఎండకు ఆరి సున్నపు పొరగా మారుతుంది. రోజూ ఒక పొర. దాన్ని మేకుతో, వెల్డింగ్ రాడ్డుతో పొడవడం మన దగ్గర మామూలు. ఒక్క గీత పడితే చాలు, శంకువు చీలిపోయి ఒకవైపు ధార, ఒకవైపు ఖాళీ మిగులుతుంది. ఆ నాజిల్ ఇంక బాగుపడదు. చేయాల్సింది ఇది. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి, విప్పిన నాజిళ్లను అందులో వేసి బుడగలు ఆగేదాకా ఉంచాలి. తర్వాత నైలాన్ బ్రష్షుతో తోమి, ఎదురు దిక్కునుంచి గాలి గానీ నీళ్లు గానీ కొట్టాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ స్టెయిన్‌లెస్ మీద వాడకూడదు, అందులోని క్లోరైడు చిన్న చిన్న గుంటలు పొడుస్తుంది. కడిగే అవసరమే తగ్గాలంటే నాజిల్ వెనకే, ఒత్తిడి తగ్గగానే మూసుకునే ఒక చిన్న చెక్‌వాల్వు ఉంటే మోటారు ఆగాక లైనులోని నీళ్లు చుక్కచుక్కగా కారవు. పావుతిప్పుతో ఊడొచ్చే క్విక్ కప్లింగ్ మూతలైతే స్పానర్ లేకుండా ఐదు నిమిషాల్లో హెడర్ మొత్తం విప్పొచ్చు. కష్టమైన పనిని మనుషులు వాయిదా వేస్తారు, సులువైన పనిని చేసేస్తారు. డిజైన్ చేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

నాజిల్ అరిగిందా లేదా అన్నది కంటితో తేలదు. 10 శాతం అరిగిన నాజిల్ కొత్తదానిలాగే చల్లుతున్నట్టు కనిపిస్తుంది. కొలత జాడీ, ఫోను గడియారం, ఒక ప్రెషర్ గేజి ఈ మూడూ చాలు. గేజి మోటారు దగ్గర కాదు, హెడర్ చిట్టచివర ఉండాలి. ఉదాహరణకు 5 బార్ దగ్గర నిమిషానికి 1.5 లీటర్లు వదలాల్సిన నాజిల్ కింద జాడీ పట్టి నిమిషం ఆగండి. 1.65 లీటర్లు దాటితే మార్చేయాలి. గేజి 4 బార్ చూపిస్తుంటే కొత్త నాజిల్ ఇవ్వాల్సింది 1.34 లీటర్లు, దానికి 10 శాతం కలిపి చూసుకోవాలి. తక్కువ వస్తే మూసుకుంటున్నట్టు. నెలకోసారి, నాజిల్‌కు నంబరు వేసి, పుస్తకంలో రాయాలి. ఇంకా త్వరగా చూడాలంటే కొలత పిన్నులు ఉన్నాయి. 2 మి.మీ. రంధ్రంలో 2.1 మి.మీ. పిన్ను దూరిందంటే వైశాల్యం 10 శాతం పెరిగినట్టే. అయితే సుడి నాజిళ్లలో పక్క దారి కూడా అరుగుతుంది కాబట్టి చివరి తీర్పు జాడీదే.

అరిగినది మార్చకపోతే ఏమవుతుందో లెక్కవేద్దాం. అలాంటి నాజిళ్లు 8 ఉన్న ప్లాంటులో నిమిషానికి 12 లీటర్లు. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు. 30 శాతం అరిగితే, మోటారు ఆ ఒత్తిడి నిలబెట్టగలిగితే, ఏడాదికి అదనంగా 6,48,000 లీటర్లు పోతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు 130. మోటారు నిలబెట్టలేకపోతే ఇంకా చెడు. ఒత్తిడి పడిపోతుంది, సగానికి పడితే బిందువు సుమారు 20, 25 శాతం లావవుతుంది. నీళ్లు పోతూనే ఉంటాయి, దుమ్ము మాత్రం అణగదు. మళ్లీ బురద, మళ్లీ వాల్వు కట్టేయడం.

వాల్వు మనిషి చేతిలో ఉండకుండా చేయడం కూడా కష్టమేమీ కాదు. బెల్టు మోటారు కరెంటు చూసి పనిచేసే స్విచ్చుకు సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే) వాల్వు కలిపితే బెల్టు మీద రాయి ఉన్నప్పుడే నీళ్లు వస్తాయి, బెల్టు ఖాళీగా తిరిగితే ఆగిపోతాయి. వాల్వును నాజిళ్లకు దగ్గరగా పెట్టాలి. దూరంగా ఉంటే ఆపాక కూడా లైనులోని నీళ్లు చాలాసేపు కారుతూ ఉంటాయి.

తయారీ సంగతికొస్తే, హైదరాబాద్‌లోని బాలానగర్, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ వర్క్‌షాపులకు ఈ పని చేతకాక కాదు. వాళ్లకు ఇచ్చే నమూనాలోనే లోపం ఉంది. పాత నాజిల్ ఒకటి చేతిలో పెట్టి 'ఇలాంటివి వంద చెయ్యి' అంటారు. అది అరిగినది. దాని అరుగుదలతో సహా వంద నకళ్లు వస్తాయి. డ్రాయింగ్ ఇవ్వాలి. అందులో ఒత్తిడి దగ్గర లీటర్లు, చల్లే కోణం, రంధ్రం వ్యాసం, లోపలి గది మధ్యరేఖకు రంధ్రం మధ్యరేఖకు మధ్య అనుమతించే తేడా, అంచు నునుపు అన్నీ ఉండాలి. రంధ్రం కొద్దిగా పక్కకు జరిగినా శంకువు ఒకవైపు దట్టంగా, ఇంకోవైపు పలచగా పడుతుంది. డ్రిల్లు బయటికొచ్చిన చోట మిగిలే సన్న రేకులాంటి అంచును రీమరుతో (రంధ్రం నునుపు చేసే పనిముట్టు) తీయకపోతే నీళ్లు ధారలుగా చీలతాయి. తేలికగా కోతకొస్తుందని 303 రకం స్టెయిన్‌లెస్ వాడటం అలవాటైంది. అందులో గంధకం ఎక్కువ, ఉప్పు నీళ్లకు త్వరగా గుంటలు పడుతుంది. 316 కోయడం కష్టమే, కానీ బోరు నీళ్లకు అదే నిలుస్తుంది.

హైదరాబాద్‌లోనే బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ (లోహపు పొడిని నొక్కి, కాల్చి వస్తువులు చేసే విద్య) మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉంది. సెరామిక్ ముక్క చేయగల జ్ఞానం ఒకచోట, దానికి అచ్చు, గేజి చేయగల చెయ్యి ఇంకోచోట, అవసరం రెండు తెలుగు రాష్ట్రాల్లోని క్రషర్లన్నింటిలో. వీటిని కలిపే ఉమ్మడి పరీక్ష బల్ల ఒకటి ఏర్పాటు చేయమని రెండు రాష్ట్రాల పరిశ్రమల శాఖలను కోరుతున్నాను. అదేమీ కోట్ల పని కాదు. ఒక పంపు, ఫిల్టరు, నమ్మకమైన గేజి, ఫ్లో మీటరు ఉండాలి. నాజిల్ కింద వాలుగా పెట్టిన ముడతల రేకు, ఒక్కో ముడత కింద ఒక గాజు గొట్టం ఉంటే నీళ్లు ఎటు ఎంత పడ్డాయో గొట్టాల్లోని మట్టాలే చూపిస్తాయి. మన్నిక తేల్చడానికి తెలిసిన పాళ్లలో సన్న ఇసుక కలిపిన నీళ్లు తిప్పుతూ, నిర్ణీత గంటలకొకసారి ఆపి మంచినీళ్లతో లీటర్లు కొలవాలి. 10 శాతం దాటడానికి ఎన్ని గంటలు పట్టిందో ఆ అంకెను నాజిల్ మీదే ముద్రించాలి. అప్పుడు కొనేవాడు అంగుళం సైజు, ధర చూసి కాకుండా గంటలు చూసి కొంటాడు.

కాలుష్య నియంత్రణ మండళ్లకు విన్నపం ఇంకొంచెం సూటిగా చేస్తున్నాను. అనుమతి పత్రంలో 'నీటి తుంపర ఏర్పాటు చేయవలెను' అన్న వాక్యం స్థానంలో ప్రతి ధూళి చోటుకూ నాజిళ్ల సంఖ్య, రకం, బార్, లీటర్లు రాయండి. హెడర్ చివర గేజి, ఫిల్టరుకు ఇరువైపులా గేజిలు, నాజిళ్ల కొలత పుస్తకం తప్పనిసరి చేయండి. తనిఖీకి వెళ్లే ఇంజినీరు సంచిలో ఒక కొలత జాడీ, ఒక పిన్నుల సెట్టు ఉండాలి. మూడు నాజిళ్లు ఎంచుకుని కొలవడానికి పావుగంట పట్టదు. సింగరేణి బొగ్గు బెల్టులకూ, థర్మల్ కేంద్రాల బొగ్గు యార్డులకూ పిలిచే టెండర్లలో కూడా ఇవే అంకెలు అడగాలి. బొగ్గు నీళ్లను తేలిగ్గా పీల్చుకోదు కాబట్టి అక్కడ తడిపే రసాయనం పాళ్లు అదనంగా చేర్చాలి. ఎక్కువైన తడి బాయిలర్‌లో ఆవిరయ్యేందుకు బొగ్గునే తింటుంది కాబట్టి అరిగిన నాజిల్‌కు అక్కడ ధర ఇంకా ఎక్కువ.

క్రషర్ యజమానులు ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం ప్లాంటు ఆగినప్పుడు హెడర్ చివర 0 నుంచి 10 బార్ గేజి ఒకటి బిగించి, అన్ని నాజిళ్ల కింద జాడీ పట్టి చూడండి. మొత్తం లీటర్లను గంటకు నడిచే టన్నులతో పోల్చండి. ఒక శాతం దాటి తడి పోస్తూ కూడా బెల్టు మలుపుల దగ్గర దుమ్ము లేస్తోందంటే నాజిళ్లు తప్పు రకమో, తప్పు చోటో, అరిగినవో అయి ఉంటాయి. ఫిల్టరు ముందు కొనండి, నాజిళ్లు ఆ తర్వాత. పావు వంతు అదనపు నాజిళ్లు స్టోర్‌లో ఉంచుకుంటే, కడగడానికి విప్పినప్పుడు ప్లాంటు ఆపనవసరం లేదు.

ఇట్లు,
క్రషర్, కన్వేయర్ యంత్రాల నిర్వహణలో పనిచేస్తున్న మెకానికల్ ఇంజినీరు